హెపిసీపా అత్త నెలసరి

ఆ రోజు కూడా కొయ్యసుత్తుల చప్పుడుకే దీవి నిద్ర లేచింది. చర్చి వెనక పాకలో ఆడవాళ్ళు చెట్టునారను దిమ్మల మీద పరిచి టకటకా కొడుతున్నారు. మనవరాలి పెళ్ళికి పెద్ద నారబట్ట కావాలని హెపిసీపా అత్త ఇంటికొక ఆడమనిషిని రమ్మంది. ఆవిడ పిలిస్తే రానని చెప్పే ధైర్యం మా దీవిలో మగవాళ్ళకే లేదు, ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

కలోలైనె ఇంట్లో మాత్రం ఇంకా పక్కచాప తియ్యలేదు. ఇరవై ఆరేళ్ళ కూతురు లెసియేలి రెండు దుప్పట్లు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. బయట పొద్దెక్కి ఇంటిమీద రేకులు కాలుతున్నాయి. కలోలైనె ఉడికిన కర్రపెండలం గిన్నె కింద పెట్టి కూతురి పక్కన కూర్చుంది.

"లేమ్మా. ఇవాళ బట్ట అతికే రోజు. మనింటి నుంచి ఎవరూ వెళ్ళకపోతే మీ అత్త నన్ననదు, పోయిన మీ నాన్ననంటుంది."

"వస్తాలే."

"నిన్నా అదే అన్నావు. మళ్ళీ మొదలైందా?"

"ఆగితే కదమ్మా మళ్ళీ మొదలవడానికి."

లెసియేలి ఆ మాట విసుగ్గా అనలేదు. విసుక్కోవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. ఆమెకు నెలసరి ఒక పద్ధతిలో వచ్చి నాలుగైదేళ్ళయింది. మూడు నెలలు రాదు, ఆ తర్వాత ఒకసారి మొదలైందంటే వారాల తరబడి ఆగదు. మొదట్లో భయపడేది. తర్వాత సిగ్గుపడేది. ఇప్పుడు ఏమీ లేదు. వస్తే గుడ్డలు, రాకపోతే నిద్ర. తల్లి పెరట్లో ఆకులన్నీ కోసి కషాయాలు కాచింది, కాచిన ప్రతిదీ పిల్ల ఎదురు చెప్పకుండా తాగింది.

దీవిలో ఆరోగ్య కేంద్రం లేక కాదు, కూతవేటు దూరంలోనే ఉంది. అందులో ఉన్న ఒకే ఒక్క వైద్యాధికారి సియోసాయా, లెసియేలి చిన్నాన్న కొడుకు. చిక్కంతా అక్కడే ఉంది. మా దగ్గర చిన్నాన్న కొడుకైనా, మేనత్త కొడుకైనా, మేనమామ కొడుకైనా అన్నే. అన్న ఉన్న గదిలో చెల్లెలు కాళ్ళు చాపుకుని కూర్చోదు, ఒంటి సంగతి ఎత్తదు. టీవీలో ముద్దు సీను వస్తే ఇద్దరిలో ఒకరు లేచి లేని కోళ్ళను అదిలించడానికి బయటికి పోవలసిందే. సియోసాయా చదువు ముగించుకుని సొంత దీవికే ఉద్యోగం వేయించుకున్న రోజున పందుల్ని కోసి పండగ చేసుకున్నాం. దీవిలో సగంమంది ఆడవాళ్ళకు ఇతను అన్నో తమ్ముడో అవుతాడన్న సంగతి ఆ విందులో ఒక్కరికీ తట్టలేదు. అప్పటినుంచి మా ఆడవాళ్ళు దగ్గుకీ జ్వరానికీ అతని దగ్గరికి వెళ్తారు. అంతకు మించి ఏమొచ్చినా పళ్ళనొప్పి అని చెప్పి పక్క దీవికి పడవెక్కుతారు. ఇన్ని పళ్ళనొప్పులున్న దీవి లోకంలో ఇంకొకటి ఉండదు.

లెసియేలి కూడా అలాగే వెళ్ళింది. అక్కడి నర్సు పిల్లలు పుట్టకుండా వాడే బిళ్ళలిచ్చి, నెలసరి కూడా దీనితో దారికొస్తుందని చెప్పింది. అవి వేసుకున్న రోజులన్నీ కళ్ళ ముందు వంకర మెరుపులు, ఆ వెంటనే తల బద్దలయ్యే నొప్పి. ఆ రకం తలనొప్పి ఉన్నవాళ్ళు ఈ బిళ్ళలు వాడకూడదని ఆ నర్సే మళ్ళీ మాన్పించింది. ఇంకేం చేయాలో ఆమె చెప్పలేదు, ఈ పిల్ల అడగలేదు. ఆ తర్వాత పడవ ఎక్కాలని కూడా లెసియేలికి అనిపించలేదు.

ఎట్టకేలకు లేచి, నల్లగుడ్డ కట్టుకుని, తల్లి వెనకే పాకకు వెళ్ళింది.

పాకలో పొడవాటి వంపు బల్లకు అటూ ఇటూ ఆడవాళ్ళు కూర్చుని, నారను పొరమీద పొర పరిచి, ఉడికీ ఉడకని దుంపతో అతికి, పైన గోధుమరంగు అద్దుతున్నారు. చేతులతో పాటు నోళ్ళూ ఆడుతున్నాయి. ఎవరి మొగుడు ఎవరి వలలో పడ్డాడో తేల్చకుండా మా దగ్గర ఏ బట్టా పూర్తి కాదు. లెసియేలి రాగానే మాటలు కాస్త తగ్గాయి. హెపిసీపా అత్త ఆమె వైపు చూడకుండానే, ఎండబెట్టిన కొసను గాలికి ఎగరకుండా పట్టుకుని కూర్చోమని పక్కావిడతో చెప్పించింది.

అత్త నేరుగా మాట్లాడి రెండేళ్ళవుతోంది. లెసియేలి తండ్రి ఇనోకె ఆవిడకు ముద్దుల తమ్ముడు. అతను పోయినప్పుడు మేనత్త హోదాలో శవం తలవైపు కూర్చున్నది ఆవిడే. ఆచారం ప్రకారం కత్తెర తీసుకుని లెసియేలి జడను భుజాల దగ్గర కోసిందీ ఆవిడే. నడుం కింది దాకా ఉన్న జుట్టు చాపమీద పడినా ఆ పిల్ల కంట నీటిచుక్క రాలేదు. ఊరంతా గుండెలు బాదుకుంటుంటే గోడకు జేరబడి నేల చూస్తూ కూర్చుంది. కన్న తండ్రికి ఒక్క కన్నీటిబొట్టు ఇవ్వలేనిది మనిషేనా అని ఆ రోజు ఆవిడ అంది. ఆ మాట దీవి మొత్తం విన్నది.

మధ్యాహ్నం తిండికి లేవబోతూ లెసియేలి ఆగిపోయింది. తను కూర్చున్న చోట, తెల్లటి నారబట్ట అంచున, అరచెయ్యంత మరక. పెళ్ళిబట్ట. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. కప్పాలని గానీ పారిపోవాలని గానీ తోచలేదు. దూరం నుంచి చూసిన కలోలైనె ముఖం పాలిపోయింది.

అందరికంటే ముందు కదిలింది హెపిసీపా అత్త. చేతిలో ఉన్న రంగుగుడ్డ కుండలో ముంచి, గబగబా వచ్చి, ఆ మరక మీద నుంచి అంచు పొడుగునా రంగు దట్టంగా రుద్దేసింది. ఏమీ జరగనట్టు రుద్దుకుంటూ బట్ట చివరిదాకా పోయింది.

"అక్కడ పట్టీ లేదుగా అక్కా?" అంది ఒకావిడ.

"ఇప్పట్నుంచి ఉంటుంది" అంది అత్త.

తర్వాత, మా దగ్గర మర్యాద కోసం బట్టల మీద చుట్టుకునే చాపను తన నడుము నుంచి విప్పి లెసియేలి నడుముకు చుట్టి, ఇంటికి పొమ్మన్నట్టు గడ్డం విసిరింది. అలా చుట్టేటప్పుడు ఆ పిల్ల చెయ్యి తగిలింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఎండ తగ్గాక అత్త కలోలైనె ఇంటికి వచ్చింది. తమ్ముడు పోయాక ఆ గడప తొక్కడం అదే మొదలు. కలోలైనె కంగారుగా మంచి చాప తీసి పరిచింది. అత్త కూర్చోలేదు.

"నీకు ఒంటిమీద స్పృహ ఉందా లేదా పిల్లా? పెళ్ళిబట్ట మీదా కూర్చునేది?"

లెసియేలి తలవంచుకుంది. నెమ్మదిగా, బొంగురుగా తప్పయిందని చెప్పింది. ఆ మాట కూడా ఎవరో పక్కింటి మనిషి గురించి చెప్పినట్టుంది. అత్తకు ఒళ్ళు మండింది. మందిస్తే మధ్యలో పారేసిందట, పాకకు పిలిస్తే పడుకుంటుందట, ఇనోకె కడుపున ఇలాంటి బద్ధకపు ముద్ద ఎలా పుట్టిందో అని మొదలుపెట్టింది. కలోలైనె పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మొగుడి అక్కకు ఎదురు మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాట్లాడింది.

"పారెయ్యలేదు వదినా. ఆ బిళ్ళలు దానికి పడవన్నారు. మెరుపులు కనపడి, గోడకేసి తల కొట్టుకునేది. మీరు చూళ్ళేదు. మీరు రావడమే మానేశారు."

"నేనెందుకొస్తాను? తండ్రి శవం దగ్గర రాయిలా కూర్చున్న పిల్లని చూడ్డానికా?"

 బయట ఎవరిదో పంది గుర్రుమంటూ పోయింది. అప్పుడు లెసియేలి తలెత్తింది.

"ఏడుద్దామనే కూర్చున్నానత్తా. రాలేదు."

"రాకపోవడమేంటి?"

"తెలీదు. నువ్వు జుట్టు కోస్తుంటే ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నా. నాన్నని గుంటలోకి దింపుతుంటే కూడా అనుకున్నా. లోపల ఏమీ లేదు. ఇప్పుడూ లేదు. నువ్వు తిడుతున్నావని తెలుస్తోంది గానీ నొప్పిగా లేదు. అది తల్చుకుంటేనే భయం వెయ్యాలి. అదీ వెయ్యట్లేదు."

అన్ని మాటలు ఒక్కసారి ఆ పిల్ల నోట విని చాలా కాలమైంది. అత్త వచ్చి ఆమె ఎదురుగా నేలమీదే కూర్చుంది. మేనత్త మేనకోడలితో సమానంగా నేలమీద కూర్చోవడం మా దగ్గర చూడం. గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుగువైపు తిప్పింది. కళ్ళ కింద ఉబ్బు. పొట్టు లేచిన చర్మం. తర్వాత తలమీద చెయ్యి పెట్టి జుట్టు కొసల దాకా జార్చింది. భుజాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఖాళీ అయింది.

"ఇది మళ్ళీ కోయించావా?"

"లేదు."

"నేను కోసింది కోసినట్టే ఉంది. రెండేళ్ళయింది కదే."

"రాలుతోంది గానీ పెరగట్లేదు వదినా" అంది కలోలైనె.

పగవాళ్ళ జుట్టయినా రెండేళ్ళలో జానెడు పెరుగుతుంది. రాతిగుండెకూ జుట్టుకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి హెపిసీపా అత్తకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ పొగరనుకున్నది పొగరు కాదు. ఆవిడ మళ్ళీ ఆ తలమీద చెయ్యి పెట్టింది.

"సియోసాయాకి ఎందుకు చెప్పలేదే మీరు?" అని అడిగి, అడిగిన మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఎందుకు చెప్పలేదో ఆవిడకు తెలియక కాదు. ఆ మర్యాద తప్పిన పిల్లల్ని చెవి పట్టుకుని దిద్దింది ఆవిడే.

సియోసాయా మాత్రం పెదనాన్న పోయినప్పటి నుంచి ప్రతి శనివారం ఆ ఇంటి వంటపాక గుంజకు చేపల గుత్తి ఒకటి తగిలించి పోతాడు. మొప్పల్లోంచి కొబ్బరాకు దూర్చి, ఇనోకె వేసే ముడే వేస్తాడు. చెల్లెలికి అన్న చేయగలిగింది మా దగ్గర అంతే.

మర్నాడు పొద్దున్నే అత్త మంచి చాప నడుముకు చుట్టుకుని ఆరోగ్య కేంద్రానికి బయలుదేరింది. విషయం విని కలోలైనె వెనకాలే పరిగెత్తింది. వద్దని బతిమాలింది. పిల్ల పేరెత్తితే అతను మళ్ళీ ఈ ఇంటివైపు తలెత్తి చూడలేడని చెప్పింది. పోనీ పళ్ళనొప్పి అని మొదలుపెట్టమంది.

"నా నోట్లో పళ్ళెక్కడున్నాయే" అని అత్త లోపలికి నడిచింది. కలోలైనె గుమ్మం దగ్గరే కూలబడింది.

సియోసాయా లేచి నిలబడి అత్తకు కుర్చీ వేశాడు. ఏమైందని అడిగాడు.

"నాకు నెలసరి సరిగ్గా రావట్లేదురా" అంది హెపిసీపా అత్త.

ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. తొమ్మిదిమంది మనవలు. సియోసాయా చేతిలో కలం ఆగింది. ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. నవ్వలేదు. లేచి, దారివైపు కిటికీ మూసి, వచ్చి మందుల బీరువా వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎప్పట్నించి అత్తా?"

"నాలుగైదేళ్ళ నుంచి. నెలల తరబడి రాదు. వస్తే వారాల తరబడి పోదు. పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్ళలిచ్చారు. మెరుపులతో తలనొప్పొచ్చింది. అవి నాకొద్దు."

"వద్దు. ఆ తలనొప్పి ఉంటే వాడకూడదు. చలిగా ఉంటోందా?"

"ఎండలో రెండు దుప్పట్లు."

"గొంతు మారిందా? మొహం ఉబ్బుతోందా?"

"రెండూనూ. జుట్టు రెండేళ్ళ కింద కోసింది కోసినట్టే ఉంది."

అతను ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఆ ప్రశ్నలు అతని దగ్గర ఎన్నాళ్ళుగానో సిద్ధంగా ఉన్నట్టున్నాయని కలోలైనెకు అనిపించింది. చర్చిలో, దారిలో, దూరం నుంచి ఆ పిల్లను చూసినప్పుడల్లా అడగలేక మింగుకున్నవి అయ్యుంటాయి. చివరికి అతను గొంతు సవరించుకున్నాడు.

"మనసెలా ఉంటుందత్తా?"

దీనికి ఆవిడ జవాబు సిద్ధం చేసుకుని రాలేదు. ఒళ్ళో ఉన్న చేతులు చూసుకుంది.

"లోపల ఏమీ లేనట్టుంటుందిరా. మా నాన్న పోతే ఏడుపు రాలేదు నాకు. రాతిగుండెదన్నారు. ఒకావిడయితే రెండేళ్ళు నాతో మాట్లాడలేదు."

"ఆవిడకి తెలీదు కదత్తా."

"తెలుసుకోవాల్సింది. మేనత్త కదా."

సియోసాయా బీరువావైపే చూస్తూ కలం కింద పెట్టాడు. తర్వాత, మెడ దగ్గర థైరాయిడ్ అనే గ్రంథి సరిగ్గా పని చేయకపోతే ఇవన్నీ ఇలాగే ఉంటాయని, తన అనుమానం అదేనని, రక్తం పరీక్ష చేస్తే గానీ తేలదని చెప్పాడు. పెద్ద దీవిలోని పంగాయ్ ఊళ్ళో ఆసుపత్రికి కొత్తగా ఆడ డాక్టరు వచ్చిందట, తను ఫోన్ చేసి చెబుతానన్నాడు. ఆఖర్న, పెద్దదానివి ఒంటరిగా పడవెక్కొద్దు, తోడు ఎవరినైనా తీసుకెళ్ళు అన్నాడు.

"మేనకోడల్ని తీసుకెళ్తాలే" అంది అత్త.

"మంచిది" అన్నాడు సియోసాయా.

ఆ వారమే వెళ్ళారు. పడవలో లెసియేలికి ఇబ్బంది కలగకుండా అత్త తన మందపాటి చాప కింద పరిచి, పక్కనే కూర్చుని, ఎందుకని అడిగినవాళ్ళందరికీ పళ్ళనొప్పి అని బోసినోటితో చెప్పింది. పరీక్షలో సియోసాయా అనుమానమే నిజమైంది. రక్తం కూడా సగానికి సగం పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న తెల్లబిళ్ళ, భోజనాలయ్యాక ఇనుము బిళ్ళ, రక్తస్రావం మరీ ఎక్కువైన రోజుల్లో మాత్రం వేసుకోవడానికి ఇంకొకటి ఇచ్చింది. వీటిలో ఏదీ గర్భనిరోధకం కాదు, మెరుపుల భయం అక్కర్లేదంది. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే వచ్చి చూపించుకోవాలని, వచ్చిన తేదీలు గుర్తుపెట్టుకోవాలని చెప్పింది.

తేదీల పని అత్త తీసుకుంది. తన ఇంటి గోడమీది చర్చి క్యాలెండరులో గోధుమరంగు చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పాస్టరుగారు ఒకరోజు వచ్చి ఆ చుక్కలు చూసి, ఉపవాసాలా అని అడిగారు. అవునంది. ఈ వయసులో ఇంత నిష్ఠ అని ఆయన ఆదివారం అందరి ముందూ మెచ్చుకున్నారు. కలోలైనె ఆ రోజు పాటల పుస్తకంలో ముఖం దాచుకుంది.

ఒక్కసారిగా ఏమీ మారలేదు. మొదటి నెల లెసియేలి అదే దుప్పటి కింద పడుకుంది. తర్వాత ఒక దుప్పటి తీసేసింది. చుక్కలు క్యాలెండరులో ఇంకా అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాయి గానీ, గుంపులు గుంపులుగా పడటం తగ్గింది. పెళ్ళయింది, నారబట్ట మగపెళ్ళివారింటికి వెళ్ళిపోయింది. అంచున ఆ గోధుమ పట్టీ చాలా బాగుందని పెళ్ళివారి ఆడవాళ్ళు కొలతలు అడిగి మరీ తీసుకున్నారు. అత్త ఆ కబురు వచ్చి చెబితే లెసియేలి పెదవి ఒక పక్కకు కదిలింది. మరో మూడు నెలలకు పాకలో సుత్తి పట్టుకుంది. అయినా లోపలి ఖాళీ ఖాళీగానే ఉందని తల్లితో చెప్పింది. కలోలైనె కూతురి కంచంలో కర్రపెండలం ముక్క ఇంకొకటి వేసింది.

ఒక శనివారం లెసియేలి చేపలు తీసుకోవడానికి వంటపాక గుంజ దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళకు పైగా ప్రతి వారం విప్పుతున్న ముడే. కొబ్బరాకు రెండు చుట్లు తిప్పి, కొస వెనక్కి మడిచి, నాన్న వేసే ముడి. దాన్ని విప్పబోయి ఆగింది. వేళ్ళు ముడిమీదే ఉండిపోయాయి. నూనెకని పాకలోకి వచ్చిన కలోలైనెకు, గుంజను రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడుస్తున్న కూతురు కనిపించింది. కబురు వెళ్ళకుండానే ఏడుపు విని అత్త వచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఇనోకె పోయిన రోజున ఆ ఇంట్లో రావలసిన ఏడుపు అది. చేపలకు ఈగలు ముసిరాయి.

తర్వాతి శనివారం కలోలైనె ఇంటి వెనక, తడిక చాటు అరుగుమీద కూర్చుని అత్త మేనకోడలి తలకు కొబ్బరినూనె రాసి దువ్వుతోంది. జుట్టు భుజాలు దాటి కిందికి దిగింది. సీమపనస చెట్టు దగ్గర అడుగుల చప్పుడైంది. సియోసాయా చేపలు గుంజకు తగిలించి, ఇంటివైపు వీపు తిప్పి నిలబడ్డాడు. చెల్లెలు అక్కడే ఉందని తెలుసు. తడికకు అటువైపు లెసియేలి కదలకుండా కూర్చుంది.

"ఒంట్లో ఎలా ఉందత్తా?" అని కాస్త గట్టిగా అడిగాడు.

"బాగుందిరా. నెల తప్పకుండా కాకపోయినా, వస్తోంది, పోతోంది."

"మనసు?"

అత్త దువ్వెన ఆపింది. లెసియేలి తల కొద్దిగా ఆడించింది, చెప్పమన్నట్టు.

"పోయిన వారం ఏడ్చానురా. నువ్వు కట్టిన ముడి చూసి. అది మా నాన్న ముడి."

 కోళ్ళు ఏవీ లేకపోయినా సియోసాయా ఒకసారి కోళ్ళను అదిలించినట్టు చెయ్యి విదిల్చి, ఆ చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"బాగుంది కదా అని బిళ్ళ మానేయకత్తా" అన్నాడు.

"మాననులే. చేపలే ఈసారి మరీ చిన్నవి తెచ్చావు."

తడిక వెనక లెసియేలి నవ్వింది, వినపడేలా. సియోసాయా ఆ నవ్వు విని ఒక్క క్షణం ఆగి, దారి పట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అన్న కదా, చూడకూడదు.